పధ్నాలుగేళ్ల కొత్త టైరు

గురువారం, మధ్యాహ్నం రెండూ పది.

"ఆ బండికి ముందు టైరు ఎక్కించింది నువ్వేనా మేస్త్రీ?"

"నేనే మేడం."

"ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రం ఐదింటికి."

"అది పేలింది ఎప్పుడు?"

పోలీస్ స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి పాత గడియారం తప్ప మరేమీ లేవు. మెకానిక్ గడియారం వంక చూసి, చూపు దించుకున్నాడు. "మంగళవారం పొద్దున తొమ్మిదీ ముప్పై రెండుకి. నేను టైరు ఎక్కించిన పదహారున్నర గంటలకి."

లెక్క పెట్టుకుంటున్నాడన్నమాట, అనుకుంది డిటెక్టివ్. తప్పించుకోవాలనుకునేవాడు గంటలు లెక్కపెట్టుకోడు.

ఆమెకి నలభై తొమ్మిదేళ్ళు. డిటెక్టివ్ కాకముందు ఒక టైర్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు నాణ్యత పరీక్షలు చేసింది. ఆ సంగతి తెలిసిన పోలీసులు ఆమెకి చాటుగా 'టైరు డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆమె పట్టుకున్న కేసులో చనిపోయినవాడిని ఊళ్ళో అందరూ 'రక్తం బండి' అనేవాళ్ళు. బ్లడ్ బ్యాంకు నుంచి ఆస్పత్రులకి మోటారు సైకిల్ మీద రక్తం సంచులు చేరవేయడం అతని పని. మంగళవారం పొద్దున నున్నటి రోడ్డు మీద, ఎదురుగా ఏ బండీ లేని చోట, ముందు టైరు పేలి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

"ఎక్కించేటప్పుడు ఏం జరిగింది? ఒక్క ముక్క దాచకుండా చెప్పు."

"కొత్త టైరు చేతికి లొంగుతుంది మేడం. రెండు ఇనప లివర్లు పెట్టి ఎత్తితే పావుగంటలో పని అయిపోతుంది. ఇది మొండికేసింది. అంచు చెక్కలా ఉంది. ఎండలో పెట్టి, సబ్బునీళ్ళు రాసి, మోకాలితో తొక్కి ఎక్కించా. ముప్పావుగంట పట్టింది."

"అనుమానం రాలేదా?"

"వచ్చింది. టైరు మీద తేదీ చూశా. నిరుటిదే. అట్ట కాగితం, షాపు బిల్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా చేతులే అబద్ధం చెబుతున్నాయి కాబోలు, వయసైపోయింది అనుకున్నా. ఇరవై ఆరేళ్ళ చేతులు మేడం. వాటి మాట వినుంటే ఆ మనిషి బతికి ఉండేవాడు."

తలుపు దభాలున తెరుచుకుంది.

"అయిందా ఓదార్పు?" ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. "డిటెక్టివ్ మేడం, మీకో మంచి వార్త. సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తున్నా. కారణం అతివేగం. దానికి తోడు ఈ మేస్త్రీ గారి నిర్లక్ష్యం. మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చు."

"అతివేగం అని ఎవరు చెప్పారు?"

"రోడ్డు చెప్పింది. బండి ముప్పై అడుగులు జారింది."

"జారింది రోడ్డు మీద కాదు, కాలువ మోరీ పక్క దిగుడులో. ఆ బండిలో రక్తం పెట్టె ఉంది కదా, దాని మీద అంటించిన చీటీ చదివారా?" డిటెక్టివ్ సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "బ్లడ్ బ్యాంకు నుంచి బయల్దేరింది తొమ్మిదీ పదికి. పడింది తొమ్మిదీ ముప్పై రెండుకి. అక్కడికి దూరం పద్ధెనిమిది కిలోమీటర్లు. ఇరవై రెండు నిమిషాలు. గంటకి నలభై తొమ్మిది."

"మొదట మెల్లగా పోయి, చివర్లో తొక్కి ఉంటాడు."

"మా తమ్ముడా?" గుమ్మంలోంచి ఒక గొంతు. చనిపోయినతని అక్క. స్కూలు బస్సు నడుపుతుంది. యూనిఫారం చొక్కా ఇంకా విప్పలేదు. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆవిడే. "రక్తం కుదిపితే పాడైపోతుందని వాడు యాభై దాటేవాడు కాదు సార్. పెట్టె ఖాళీగా ఉన్నా అంతే, అలవాటైపోయింది. వాడి వెనక కూర్చుంటే నాకు నిద్రొచ్చేది. నా బస్సులో పిల్లలు కిటికీలోంచి వాణ్ణి చూసి, 'ఆంటీ, తాబేలు అంకుల్ని దాటెయ్' అని గోల చేసేవాళ్ళు."

నవ్వబోయిన ఆవిడ మొహం మధ్యలోనే ముడుచుకుపోయింది. ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు.

"టైరు తెప్పించండి," అంది డిటెక్టివ్.

"ఎందుకు? అది కొత్తది. నేను కళ్ళారా చూశా. కొత్త టైరు మీద వెంట్రుకల్లా సన్నటి రబ్బరు పోగులుంటాయే, పక్కల మీద అవి కూడా రాలలేదు."

"తెప్పించండి. మీరన్నదే నిజమైతే ఐదింటికి ఫైలు కింద నేనూ సంతకం పెడతా."

రెండూ ఇరవైకి టైరు బల్ల మీదికి వచ్చింది. పక్క గోడ జానెడు మేర చీలి, నోరు తెరుచుకుని ఉంది. మిగతా భాగమంతా నల్లగా నిగనిగలాడుతోంది. డిటెక్టివ్ జేబులోంచి గడియారం లాంటి చిన్న పరికరం తీసింది. కింద మొద్దు సూది, పైన ముల్లు.

"ఇది రబ్బరు గట్టిదనం చెబుతుంది. కొత్త టైరైతే ముల్లు అరవై దాటి కాస్త పైన ఆగాలి. మీరే నొక్కండి."

ఇన్‌స్పెక్టర్ నొక్కాడు. ముల్లు ఎనభై ఆరు దగ్గర ఆగింది. మరో చోట నొక్కాడు. ఎనభై ఐదు.

"మీ పరికరం పాడైందేమో."

"మీ బూటు మడమ మీద పెట్టి చూడండి, అది సరిగ్గానే చెబుతుంది." ఆమె గుడ్డని స్పిరిట్‌లో తడిపి టైరు పక్కన గట్టిగా రుద్దింది. నిగనిగ అంతా గుడ్డకి అంటుకుంది. "పాలిష్. దీని కింద చూడండి."

చీలిక చుట్టూ, అరచేతి వెడల్పు మేర, సన్నటి బీటలు. ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్ళలా. టైరులో మిగతా చోట ఇంత దట్టంగా లేవు.

"వాడని టైరు ఎలా పాతబడుతుంది?" ఇన్‌స్పెక్టర్ గొంతులో ఎగతాళి తగ్గలేదు. "పెట్టెలో పెట్టిన బూట్లు అరుగుతాయా?"

"అరగవు. ఎండిపోతాయి. రబ్బరు పుట్టిన రోజు నుంచీ ముసలిదవుతూనే ఉంటుంది ఇన్‌స్పెక్టర్ గారూ. రోడ్డెక్కినా, ఎక్కకపోయినా. చీకట్లో, చల్లగా, నిలబెట్టి దాచితే మెల్లగా. ఎండలో, వేడిలో, కొక్కేనికి వేలాడదీస్తే త్వరగా. ఇది వేలాడింది." ఆమె అంచు లోపలివైపు చూపుడువేలు పెట్టింది. అక్కడ సన్నటి గాడి. "ఏళ్ళ తరబడి బరువంతా ఇక్కడే పడింది. రబ్బరు ఇక్కడే సాగింది. సాగిన చోటే గాలి కొరికింది."

"గాలి కొరకడమేంటి?"

"కరెంటు మోటారులో నిప్పురవ్వలు రాలేటప్పుడు ముక్కుకి ఘాటుగా ఒక వాసన తగులుతుందే, ఆ గాలి. ఓజోన్ అంటారు. మనకి వాసన, రబ్బరుకి కత్తి."

"మరి తేదీ? నాలుగంకెలు స్పష్టంగా ఉన్నాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాకూ తెలుసు. నిరుడు ముప్పై రెండో వారం."

డిటెక్టివ్ బ్లేడు తీసి ఆ అంకెల పక్కన గుచ్చి, మెల్లగా పైకి లేపింది. కాగితమంత పలచని రబ్బరు ముక్క ఊడి వచ్చింది. ఏదో కొత్త టైరు మీద నుంచి చెక్కి తెచ్చి అతికించిన ముక్క. దాని కింద అసలు అంకెలున్నాయి. తొమ్మిదో వారం. పధ్నాలుగేళ్ల కిందటి సంవత్సరం.

మెకానిక్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. "అయితే షాపువాళ్ళు పాత సరుకు అంటగట్టారు. మోసం కేసు. హత్య కాదు. పదండి, నేనూ వస్తా. మీరు అక్కడ ఇంకేం కథ చెబుతారో చూడాలి."

రెండూ యాభైకి వాళ్ళ జీపు టైర్ల షాపు ముందు ఆగింది. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. లోపలి నుంచి అరవై దాటిన ఒకావిడ, కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది. షాపు యజమానురాలు. భర్త పోయాక ఎనిమిదేళ్ళుగా ఆవిడే నడుపుతోంది.

"మా దగ్గర కొన్న టైరా? పేలిందా?" ఆవిడ నమ్మలేదు. "నా గోడౌను చూసి ఆ మాట అను అమ్మాయ్."

గోడౌనులో అడుగుపెట్టగానే డిటెక్టివ్ మనసులోనే మెచ్చుకుంది. కిటికీ అద్దాలకి నల్లరంగు పూశారు. నేల పొడిగా ఉంది. చెక్క అరల్లో టైర్లు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పేర్చింది ఒక్కటీ లేదు. పెట్రోలు డబ్బా గానీ, బ్యాటరీ గానీ కనుచూపు మేరలో లేవు. ప్రతి అరకీ ఒక కార్డు కట్టి ఉంది.

"నెలకోసారి పావు వంతు తిప్పుతా, ఒకే చోట బరువు పడకుండా," అంది యజమానురాలు. "తిప్పిన రోజు కార్డు మీద రాస్తా. మూడేళ్ళు దాటిన టైరు మా షాపులో అమ్మం. నా మోకాళ్ళ కంటే వీటినే జాగ్రత్తగా చూసుకుంటున్నానని మా అమ్మాయి వేళాకోళం చేస్తుంది."

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ చెవి దగ్గరికి వంగాడు. "ఏదీ మీ కొక్కెం? ఏదీ మీ మోటారు? ఇక్కడ కత్తీ లేదు, గాలీ లేదు."

ఆమె వెనక గోడకున్న ఇనుప తలుపు దగ్గరికి నడిచింది. తలుపు సందులోంచి సన్నగా, ఘాటుగా, ముక్కులో గుచ్చుకునే వాసన.

"ఇందులో ఏముంది?"

"గాలి కొట్టే మోటారు. పాతది, తిరిగినంతసేపూ రవ్వలు రాలుస్తుంది. అందుకే మా ఆయన దాన్ని వేరే గదిలో పెట్టించారు, టైర్లకి ఆ గాలి తగలకూడదని."

డిటెక్టివ్ తలుపు తోసింది. ఇరుకు గది. మోటారుకి సరిగ్గా ఎదురుగా గోడ మీద రెండు కొక్కేలు. రెండూ ఖాళీ. కొక్కేల కింద గోడంతా మసిబారి ఉంది, రెండు చోట్ల తప్ప. ఆ రెండు చోట్లా గుండ్రంగా తెల్లటి సున్నం, టైరు చుట్టుకొలత మేర. కొన్నేళ్ళపాటు అక్కడ వేలాడిన వస్తువుల ఆనవాళ్ళు.

ఆమె కొక్కేన్ని వేలితో తడిమింది. టైరు అంచు లోపలి గాడి ఎంత వెడల్పో, కొక్కెం అంతే ఉంది.

"ఇక్కడ రెండు టైర్లుండేవి," అంది.

"అవి అమ్మేవి కావమ్మా!" యజమానురాలు కంగారుపడింది. "మా ఆయన కావాలనే పాడవనిచ్చిన టైర్లు. పధ్నాలుగేళ్ల కిందట రెండు కొత్తవి తెచ్చి ఇక్కడ తగిలించారు. వాడని టైరుకి వయసేంటని వాదించే కస్టమర్లని ఇక్కడికి తీసుకొచ్చి చూపించేవారు. 'పైకి పెళ్ళికొడుకు, లోపల పండు ముదుసలి' అని నవ్వేవారు. 'అమ్మకానికి కాదు' అని బోర్డు కూడా రాసి తగిలించారు. ఆయన పోయినా నేను తియ్యలేదు."

"ఎవరు తీశారు?"

"అల్లుడు. పోయిన శనివారం తుక్కువాడికి ఇచ్చేశానన్నాడు."

"బిల్లు మీద సోమవారం పదకొండు గంటలని ఉంది. రక్తం బండి అతను వచ్చినప్పుడు కౌంటర్లో ఉన్నదెవరు?"

"అల్లుడే. నేను కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళా."

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. "ఎందుకు? రక్తం బండితో మీ అల్లుడికి ఏం పగ?"

"ఏ పగా లేదు," అంది డిటెక్టివ్. "మూడు రోజులుగా నాకు అంతుపట్టనిది అదే. ఆ మనిషికి శత్రువు అంటూ ఎవరూ దొరకలేదు. ఎందుకంటే లేరు. వీళ్ళ అల్లుడు పగతో కాదు, అతని పని చూసి ఎంచుకున్నాడు. రోజూ పొద్దున ఒకే రోడ్డు, ఎండలో నలభై కిలోమీటర్లు. పేలుతుందా లేదా అని తెలుసుకోవడానికి అంతకంటే అనువైన బండి ఇంకోటి లేదు." ఆమె ఖాళీ కొక్కేల వంక చూసింది. "రెండో టైరు వాడేముందు, పేలితే పోలీసులు ఏం రాస్తారో కూడా తెలుసుకోవాలి కదా."

ఇన్‌స్పెక్టర్ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఆ అల్లుడే ఇవాళ మధ్యాహ్నం పన్నెండూ పావుకి వచ్చాడు," అన్నాడు మెల్లగా. "తనంతట తనే స్టేషన్‌కి వచ్చాడు. 'మా షాపు టైరు కదండీ, బిల్లు కాపీ ఇచ్చి పోదామని' అన్నాడు. ఇంత బాధ్యత గలవాళ్ళు ఎక్కడుంటారని మెచ్చుకున్నా. వెళ్తూ వెళ్తూ కేసు ఏమైందని అడిగాడు. అతివేగం, సాయంత్రం మూసేస్తున్నానని చెప్పా."

"నవ్వాడా?"

"నమస్కారం పెట్టాడు."

డిటెక్టివ్ యజమానురాలి భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, బాగా ఆలోచించి చెప్పండి. ఇవాళ పన్నెండు తర్వాత మీ అల్లుడు ఏ బండికైనా టైరు మార్చాడా?"

ఆవిడ గోడని పట్టుకుంది.

"ఒంటిగంటకి... మా అమ్మాయి బండికి. ముందు టైరు అరిగిపోయిందని తనే దగ్గరుండి మార్చాడు. చెమటలు కక్కుతూ ముప్పావుగంట కష్టపడ్డాడు. ఇన్నాళ్ళకి పెళ్ళాం మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ముచ్చటపడ్డా. అమ్మాయి పది రోజుల కిందటే వాడితో తేల్చి చెప్పేసింది. నీతో కాపురం నావల్ల కాదు, వచ్చే నెల నుంచి షాపు నేనే చూసుకుంటా, నీ దారి నువ్వు చూసుకో అని."

"ఇప్పుడెక్కడుంది అమ్మాయి?"

"రెండూ నలభైకి బయల్దేరింది. హైవే మీద, అరవై కిలోమీటర్ల అవతల స్నేహితురాలి ఊరు."

మూడూ ఐదు అయింది. ఆవిడ కూతురి నంబరు నొక్కింది. ముందు గదిలో ఏదో గుర్రుమంది. ముగ్గురూ పరుగెత్తారు. కౌంటర్ సొరుగులో, బిల్లు పుస్తకాల అడుగున, ఒక ఫోను కదులుతూ మోగుతోంది. తెర మీద 'అమ్మ' అని పేరు.

"సంచిలోంచి తీసేసుకున్నాడు," అంది డిటెక్టివ్. "ఎవరూ పిలవకుండా."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తన ఫోను చెవికి పెట్టుకున్నాడు. "హైవే చెక్‌పోస్టా? అడ్డుకర్ర దించు. మాట్లాడకు, ముందు దించు! మోటారు సైకిల్ మీద ఒక అమ్మాయి వస్తుంది... బండి రంగేంటమ్మా?"

"ఎరుపు. తెల్ల హెల్మెట్."

"ఎర్ర బండి, తెల్ల హెల్మెట్. ఆపు. ఒక్కసారిగా బ్రేకు వెయ్యనివ్వకు, దూరం నుంచే చెయ్యి ఊపుతూ మెల్లగా రమ్మను. వచ్చేసిందా?"

ఫోన్‌లో ఈల వినబడింది. ఎవరో అరుస్తున్నారు. మరో ఈల. తర్వాత తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు.

యజమానురాలు కౌంటర్ మీద వాలిపోయింది. డిటెక్టివ్ ఆవిడని పట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ 'హలో, హలో' అంటూనే ఉన్నాడు. ఫోన్ అవతల అడుగుల చప్పుడు, ఎవరో నీళ్ళు తెమ్మంటున్న కేక, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"సార్," అన్నాడు కానిస్టేబులు, ఆయాసంతో. "మాకు ఇరవై అడుగుల దూరంలో పేలింది సార్. అప్పటికే బండి మనిషి నడకంత మెల్లగా వస్తోంది. మోచెయ్యి కొట్టుకుపోయింది, అంతే. లేచి కూర్చుంది. నన్ను తిడుతోంది."

"ఏమని?"

"అంత గట్టిగా ఈల వేస్తే ఎవరైనా పడిపోతారు, బుద్ధుందా అని సార్."

యజమానురాలు ఏడుస్తూనే నవ్వింది. "అది నా కూతురే."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఐదింటికి ఆ ఫైలు మూసేసేవాణ్ణి," అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలీదు. "రేపు ఈ అమ్మాయి ఫైలు మీద కూడా అదే మాట రాసేవాణ్ణి."

డిటెక్టివ్ అతని చేతిలోని ఫోను చూపించింది.

ఫోన్‌లో కానిస్టేబులు ఇంకా ఏదో చెబుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ స్పీకర్ నొక్కాడు. "...ఇంకో సంగతి సార్. ఆవిడ వెనకాలే ఒక బూడిద రంగు కారు వచ్చింది. టైరు పేలగానే దూరంగా ఆగింది. అద్దం దించి చూశాడు. సాయం పడతాడనుకున్నాం. ఆవిడ లేచి కూర్చోగానే అద్దం ఎత్తేసి, బండి వెనక్కి తిప్పేశాడు."

"అల్లుడి కారు బూడిద రంగే," అంది యజమానురాలు.

"ఎటు పోయాడు?" ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"మీ వైపే సార్. షాపులున్న వైపు."

డిటెక్టివ్ గబగబా లెక్క వేసుకుంది. చెక్‌పోస్టు నుంచి ఇక్కడికి ఇరవై ఏడు కిలోమీటర్లు. అరగంట లోపే వచ్చేస్తాడు. "మనకి తెలిసిపోయిందని అతనికి ఇంకా తెలీదు," అంది. "చెక్‌పోస్టులో మామూలు తనిఖీ అనుకుంటాడు. ఆ ఫోను సొరుగులోంచి తీసి మాయం చెయ్యాలి, టైరు మీద తేదీ ముక్క చెక్కి అతికించిన సామాను దాచాలి. దాని కోసమే వస్తున్నాడు. అమ్మా, మీరు స్టేషన్‌కి వెళ్ళిపోండి. ఇక్కడ మేం ఉంటాం."

యజమానురాలు కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కూతురి ఫోనుని సొరుగులో, బిల్లు పుస్తకాల కింద, ఉన్నచోటే పెట్టి సొరుగు మూసింది. కౌంటర్ వెనక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జీపు వెనక వీధిలో పెట్టించండి ఇన్‌స్పెక్టర్ గారూ," అంది. "మీరిద్దరూ గోడౌనులోకి పోయి తలుపు దగ్గరగా వేసుకోండి. నేను లేకపోతే వాడు గుమ్మంలోంచే పసిగట్టి పారిపోతాడు."